రాడ్ సంగతి, తుపాకీ సంగతి

మా కార్ఖానా గల్లీలో ఒక సాయంత్రం పార్కింగ్ దగ్గర గొడవైంది. ఎదురింటాయన సైన్యంలో పనిచేసి రిటైరైన ఫౌజీ. కారు అడ్డంపెట్టిన యువకుణ్ణి లైసెన్సు తుపాకీతో కాల్చాడు. తూటా తొడలో దిగింది, ప్రాణం దక్కింది. బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్న నేను అంతా చూశాను.

మర్నాటికే గల్లీ రెండుగా చీలింది. ప్రాణం కాపాడుకోవడానికి కాల్చాడని కొందరు, హత్యాయత్నం కేసు పెట్టాల్సిందేనని కొందరు. మా గల్లీ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా టీవీలో తీర్పులు చెప్పారు.

ఫౌజీ భార్య మా ఇంటికొచ్చింది. నా కూతురి పురుడప్పుడు నాతోపాటు ఆస్పత్రిలో కూర్చున్న మనిషి.

"అక్కా, ఆ పిలగాడు రాడ్ పట్టుకొని మీదికొచ్చిండని చెప్పు, చాలు," అంది.

"వచ్చిండు, చెప్తా. కానీ మీ ఆయన కాల్చేటప్పటికి రాడ్ పారేసి వెనక్కి పోతుండె. అది సుత చెప్తా," అన్నాను.

ఆమె చాయ్ ముట్టకుండా వెళ్లిపోయింది.

తర్వాత ఆ యువకుడి అన్న వచ్చి, రాడ్ మాట ఎత్తొద్దన్నాడు. అతనికీ అదే జవాబిచ్చాను.

కోర్టులో రెండు సంగతులూ చెప్పాను. అది ఆత్మరక్షణ కాదని జడ్జి తేల్చాడు. అయితే ముందు దాడికి వచ్చింది అవతలివాడేనని శిక్ష తగ్గించాడు.

ఫౌజీ భార్య ఇప్పటికీ నాతో మాట్లాడదు. కూరగాయల బండి దగ్గర ఎదురైతే నేనే పలకరిస్తాను. ఆమె ముఖం తిప్పుకుంటుంది. అయినా పలకరించడం మానను.