ఒజియాస్ కోసే సంకెల

పాత నూనె పీపాని ఎండు అరటాకుల మంటలో కాల్చి, సాగ్గొట్టి, ఆ రేకులోంచి బొమ్మలు కోస్తాడు ఒజియాస్. ఎవరైనా పలకరిస్తే సుత్తి ఇంకాస్త గట్టిగా పడుతుంది. వీధి మొత్తానికి అతనంటే మంట. జలదేవతైనా, పుంజైనా, ప్రతి బొమ్మకీ ఎక్కడో ఒకచోట తెగిన సంకెల ఉంటుంది. అది తాత నేర్పిన గుర్తు. నిన్న రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి హోటల్ యజమానురాలు మదాం విల్బ్రన్ వచ్చింది. ఈ ఏడాది అతనికి తగిలిన బేరం ఆవిడదొక్కటే.

"జలదేవత బావుందయ్యా. ఆ సంకెల మాత్రం తీసెయ్. భోంచేసేవాళ్ళ ముందు బానిసల గోలెందుకు?"

"మీ ముత్తాతల కాళ్ళకి సంకెల లేదా అమ్మా?"

"మావాళ్ళది ఎప్పుడో తెగిపోయింది!"

"నేను కోసిందీ తెగిన సంకెలే."

"అయితే నీ ఇంట్లోనే తగిలించుకో," అని ఆవిడ కారెక్కింది.

ఒజియాస్ కారు లేపిన దుమ్ములోకి ఉమ్మేసి, కొత్త రేకు మీద సుద్దతో పుంజుని గీసి, కోయడం మొదలెట్టాడు. సాయంత్రానికి పుంజుకింకా తల రాలేదు. కాలికి తెగిన సంకెల మాత్రం వచ్చేసింది.