జానెడు గాలి

సూడాన్ గిడ్డంగిలో ఉన్న హవా ముందు ఒక ఫొటో పంపింది. లారీ వెనక భాగం. టార్పాలిన్ పట్టా కింది అంచు జానెడు పైకి లేచి ఉంది. తాడు కొసన తెగిన నీలం సీలు వేలాడుతోంది. దాని కిందే ఒక్క వాక్యం: ‘ఇద్రీస్‌ని బండి దింపి లోపలికి తీసుకుపోయారు.’

సుసన్నా ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. పెద్దది చెయ్యక్కర్లేదు, మొదటి చూపులోనే అర్థమైంది. అయినా చూసింది. సీలు దానంతటదే తెగలేదు. ఎవరో కత్తితో శుభ్రంగా కోశారు. కొయ్యమన్నది తనే.

నూజివీడులో భాస్కరరావు గారి మామిడి షెడ్డు అది. మే నెల. బయట లారీకి బంగినపల్లి ఎత్తుతున్నారు. ఆఫీసు గదిలో ఓ మూల సుసన్నాకి ఒక టేబులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. రెడ్డిగూడెంలో ఇంటి దగ్గర సిగ్నల్ నిలవదు కాబట్టి పొద్దున్నే తండ్రి సవరయ్య మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చి, ఇక్కడి వైఫై మీద తన ఉద్యోగం చేసుకుంటుంది. సవరయ్య ఆ షెడ్డులో లోడింగ్ మేస్త్రీ.

ఆమె ఉద్యోగం ఏమిటో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. ‘ఫారిన్‌లో లారీలు పంపిస్తది’ అంటారు. అది అబద్ధమేమీ కాదు. సూడాన్‌లో యుద్ధం నడుస్తున్న చోట ఒక సహాయ సంస్థకి సరుకు రవాణా చూస్తుంది. ఓడలో వచ్చిన తిండి, మందులు గిడ్డంగికి చేరాలి, గిడ్డంగి నుంచి ఆసుపత్రులకి పోవాలి. మధ్యలో ఒక పక్షం వాళ్ళ చెక్‌పోస్టులు, ఆ తరవాత రెండో పక్షం వాళ్ళవి. బాంబులు పడి ఆమెతో సహా విదేశీ సిబ్బందిని బయటికి పంపేశాక ఆ పనంతా ఫోను మీదే సాగుతోంది. అక్కడ గిడ్డంగిలో హవా ఉంది. రోడ్డు మీద లారీ నడుపుతూ ఇద్రీస్ ఉన్నాడు.

ఇద్దరికీ పైన సుసన్నా. నలభై దాటిన మనిషి. విశాఖపట్నంలో క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరి, ఇరుక్కుపోయిన కంటైనర్లని ఓపిగ్గా విడిపించడం నేర్చుకుంది. తుపాను వచ్చిన ఏడాది చర్చి వాళ్ళ బియ్యం లారీలని మునిగిన ఊళ్ళకి చేర్చింది. అది చూసిన వాళ్ళెవరో పైకి చెప్పారు. అట్లా దేశం దాటింది.

కానీ లారీ అంటే ఏమిటో ఆమెకి అంతకు ముందే తెలుసు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఈ షెడ్డులోనే గడిచాయి. లారీ మీదెక్కి కాయకీ కాయకీ మధ్య వరిగడ్డి పరిచేది. మధ్యాహ్నం ఆ గడ్డిలోనే నిద్రపోయేది. నూజివీడు కాయ నాగపూర్ పోవాలన్నా ఢిల్లీ పోవాలన్నా ఇక్కడ ఒకటే పద్ధతి. పట్టా ముందు వైపు బిగించి కడతారు, వెనక మాత్రం జానెడు ఎత్తి వదులుతారు. పూర్తిగా దించి కట్టిన లారీలో కాయ దారిలోనే ఉడికిపోతుంది. ఇక్కడి పిల్లలకి కూడా ఆ సంగతి ఎవరూ విడిగా చెప్పరు.

నిన్న మధ్యాహ్నం ఇద్రీస్ దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగి ఫోను చేశాడు. లారీ నిండా వేరుశనగ ముద్ద పొట్లాలు. ఎముకల గూళ్ళయిపోయిన పిల్లలకి పెట్టేది. పై పెట్టెల మీద చెయ్యి పెట్టలేకపోతున్నాననీ, అట్టల్లోంచి నూనె కారుతోందనీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల సవరయ్య గొంతు: “వెనక పట్టా లేపి కట్టండ్రా! కాయ ఉడికిపోద్ది!”

సుసన్నా ఆలోచించలేదు. “వెనక పట్టా విప్పి జానెడు పైకి కట్టు ఇద్రీస్. గాలాడాలి” అంది. అని వెంటనే ఇంకో ఫోను ఎత్తింది. రాత్రి పడుకున్నప్పుడు కూడా సీలు సంగతి తట్టలేదు.

ఆ దారిలో లారీ పట్టాకి సీలు వేస్తారు. రెండు పక్షాల మనుషులూ గిడ్డంగిలో నిలబడి చూస్తుండగా సరుకు ఎక్కించి, తాడు కొసలు కలిపి సీలు వేస్తే, అది ఆసుపత్రి ఆవరణలోనే తెగాలి. దారిలో తెగితే సరుకులో తుపాకులు కలిపారనే లెక్క. ఆ ఏర్పాటు కోసం రెండు వైపులా నెలల తరబడి బతిమాలింది సుసన్నాయే. ఆ రూలు పెట్టిన మనిషే విప్పమంటే ఇద్రీస్ ఎదురు ప్రశ్న ఎందుకు వేస్తాడు?

“ఏంటమ్మా, మొహం అట్లా అయిపోయింది?” భాస్కరరావు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. “నీ లారీ గానీ బోల్తా పడిందా?”

“ఆపేశారు బాబాయిగారూ. డ్రైవర్ని పట్టుకుపోయారు.”

“ఆర్టీవో వాళ్ళా?”

“తుపాకులోళ్ళండీ.”

ఆయన లేచారు. ఫ్యాను స్పీడు పెంచి వచ్చి కూర్చున్నారు.

నైరోబీ నుంచి సంస్థ భద్రతాధికారి ఫోను చేశాడు. మంచివాడే, తొందరపడి మాట్లాడడు. ఇవాళ కూడా నిదానంగానే మాట్లాడాడు. డ్రైవరు నిబంధన తప్పి సొంతంగా సీలు కోశాడని ఆ పక్షం వాళ్ళకి రాద్దామన్నాడు. అట్లా రాస్తే దారి మూయరు. సంస్థే కొయ్యమందని తేలితే మాత్రం ఈ లారీతో పాటు వెనక రావలసినవన్నీ ఆగిపోతాయి.

“మరి ఇద్రీస్?”

“అతని కోసం విడిగా ప్రయత్నిస్తాం.”

విడిగా ప్రయత్నించడం అంటే ఏమిటో సుసన్నాకి తెలుసు. పోయినేడు ఇదే చెక్‌పోస్టులో ఇంకో డ్రైవర్ని దింపారు. అతని గురించి ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నారు. అతని భార్య మాత్రం గిడ్డంగికి వచ్చి అడగడం మానేసింది.

“ఆసుపత్రిలో ఎంతమంది పిల్లలున్నారో నాకంటే నీకే బాగా తెలుసు” అన్నాడు అధికారి.

“కాసేపు ఆగండి. ఏమీ రాయకండి” అంది.

ఫోను పెట్టేశాక భాస్కరరావు గారు నెమ్మదిగా అన్నారు: “నీకు నేను చెప్పేవాణ్ణి కాను గానీ, డ్రైవరు మీదకి నెట్టెయ్యమ్మా. ఢిల్లీలో కాయ కుళ్ళి దిగిందనుకో, మేం చేసేది అదేగా. దారిలో బండి ఆపి పడుకున్నాడంటాం.”

గుమ్మంలో నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న సవరయ్య నవ్వాడు. “డ్రైవరు దొరక్కపోతే మేస్త్రీ మీదకి నెడతారుగా అండీ. ఆ సంగతి కూడా చెప్పండి అమ్మాయికి.”

“నిన్నెప్పుడు నెట్టానయ్యా సవరయ్యా!”

“ఎప్పుడు నెట్టలేదో అడగండి, తొందరగా తేలిపోద్ది.”

సుసన్నా నవ్వలేకపోయింది. తండ్రికి విషయం చెప్పింది. సీలు గురించి, నిన్నటి మాట గురించి. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, “నువ్వు చెప్పింది కరెక్టేగా? గాలి లేకపోతే సరుకు పోదూ?” అన్నాడు.

“అక్కడ సరుకు పోయినా ఫర్వాలేదు నాన్నా. సీలు పోకూడదు.”

“సరుకు పోయినా ఫర్వాలేదా! అదేం లోడింగే?”

జవాబు చెప్పే లోపలే హవా ఫోను. మాటలు గబగబా వస్తున్నాయి. చెక్‌పోస్టులో ఆమెకి తెలిసిన వాడొకడున్నాడు. ఇద్రీస్‌ని అడిగినప్పుడల్లా ‘మేడం విప్పమంది’ అనే ఒక్క మాటే అంటున్నాడట. ఏ మేడం? ఇండియాలో ఉన్న మేడం. ఇండియాలో కూర్చున్న ఆడమనిషి ఇక్కడి లారీ పట్టా విప్పమంటుందా అని మళ్ళీ కొడుతున్నారట. “నేను చెబుదామనుకున్నాను. నైరోబీ వాళ్ళు నన్ను నోరు మెదపొద్దన్నారు” అంది హవా.

“ఆ చెక్‌పోస్టు ఆఫీసరు నంబరు పంపు” అంది సుసన్నా.

“పంపితే నీ ఉద్యోగం పోతుంది.”

“పంపు హవా.”

వీడియో కాల్ రెండోసారికి ఎత్తారు. చెక్‌పోస్టులో ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది, ఆసుపత్రికి లేనిది వాళ్ళకుంది. తెర మీద నల్లకళ్ళద్దాల యువకుడు. సుసన్నాకి వచ్చిన అరబ్బీ సూడాన్ ఓడరేవులో, కస్టమ్స్ కిటికీల దగ్గర నేర్చుకున్నది. బతిమాలడానికి పనికొస్తుంది, వాదించడానికి చాలదు. తన పేరు చెప్పింది. సరుకు కాగితాల మీద ఉన్న పేరు అదేనంది. పట్టా విప్పమన్నది తనేననీ, వేడికి సరుకు కరుగుతుంటే గాలి కోసం చెప్పాననీ చెప్పింది.

“సీలు సంగతి నీకు తెలియదా?”

“తెలుసు. మరిచిపోయాను.”

“రూలు పెట్టినదానివి మరిచిపోయావా?” అతను పక్కవాడితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. “ఇంకో కథ చెప్పు.”

ఆమె లేచి ఫోను పట్టుకుని బయటికి నడిచింది. ఎండ కళ్ళలో పొడిచింది. నిండిన లారీ వెనక్కి ఫోను తిప్పింది. ఎత్తి కట్టిన పట్టా, దాని కింద వరిగడ్డి, గడ్డిలో కాయ. హమాలీలు పని ఆపి చూస్తున్నారు. “మా ఊళ్ళో ఇట్లా కడతారు. చిన్నప్పటి నుంచీ ఇదే చూశాను. నిన్న అదే నోట్లోంచి వచ్చింది.”

“ఆ ముసలాయన ఎవరు?”

“మా నాన్న.”

సవరయ్య ఎందుకైనా మంచిదని తువ్వాలు భుజాన వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

“మామిడిపళ్ళ బండిని చూపించి నా బండిలో తుపాకులు లేవని నమ్మమంటావా?”

“నమ్మకండి. మొత్తం దింపండి. ప్రతి పెట్టెనీ కోసి చూసుకోండి. ఏమైనా దొరికితే నా మొహం చూశారు, నా పేరు మీ దగ్గరుంది. అతని చేతిలో ఏమీ లేదు. అతను నేను చెప్పింది చేశాడు, అంతే.”

తెర నల్లబడింది. అతను పెట్టేశాడో, సిగ్నల్ పోయిందో తెలియలేదు.

ఆ తరవాత చెయ్యడానికేమీ లేదు. ఇట్లాంటి సమయాల్లో ఏం చెయ్యాలో ఆమె ఎంతోమందికి శిక్షణ ఇచ్చింది. నీళ్ళు తాగండి, ఫోను చార్జింగులో పెట్టండి, ఊహించుకోకండి అని. నీళ్ళు తాగింది, ఫోను చార్జింగులో పెట్టింది. ఊహించుకోవడం మాత్రం ఆగలేదు. దింపిన పెట్టెలు ఎండలో, ఇసకలో. గదిలో ఇద్రీస్. ఆ గదికి కిటికీ ఉందో లేదో ఆమెకి తెలియదు. ఎంత గింజుకున్నా అతని మొహం కూడా సరిగ్గా గుర్తు రాలేదు, గొంతు మాత్రమే గుర్తొచ్చింది.

తల్లి మగ్దలేనమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా అట్లాగే ఉంది. సవరయ్య రెండుసార్లు వచ్చి మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టి వెళ్ళాడు. భాస్కరరావు గారు ఫోనులో ఎవరి మీదో అరుస్తూ ఈవైపు చూసి గొంతు తగ్గించారు.

నైరోబీ నుంచి మెయిల్ వచ్చింది. అనుమతి లేకుండా సాయుధ పక్షంతో నేరుగా మాట్లాడినందుకు ఈ దారి బాధ్యత నుంచి ఆమెని తప్పించారు. విచారణ తేలేదాకా కొత్త లారీలు పంపరు. మర్యాదగా, తప్పుల్లేకుండా రాశారు. ఆమె వాళ్ళ స్థానంలో ఉంటే అదే రాసేది. ఆసుపత్రిలో ఉన్న పాత నిల్వ ఎన్నాళ్ళొస్తుందో లెక్క వెయ్యబోయి, ఆ లెక్క ఇప్పుడు తనది కాదని గుర్తొచ్చి కూడా వేసింది. ఎక్కువ రోజులు రాదు.

మామిడి లారీ నూజివీడు దాటి వెళ్ళిపోయింది. తరవాతి బండి వచ్చి వెనక్కి పెట్టుకుంది. షెడ్డులో లైట్లు వేశారు. అప్పుడొచ్చింది హవా మెసేజ్: ‘వదిలారు. బండితో సహా. ఆసుపత్రికి చేరాడు. పెట్టెల్లో సగం పనికొస్తాయంటున్నారు.’

సుసన్నా టేబులు మీద తల పెట్టుకుంది. భాస్కరరావు గారు సవరయ్యని కేకేశారు. ఆయన పరుగెత్తుకొచ్చి, “చెప్పవే, ఏమైంది, బతికున్నాడా?” అన్నాడు.

“బతికే ఉన్నాడు నాన్నా.”

కాసేపటికి ఇద్రీస్ వాయిస్ మెసేజ్ వచ్చింది. నోరు వాచినట్టుంది, మాట ముద్దగా ఉంది. వెనకాల పెట్టెలు దింపుతున్న చప్పుడు.

“చేరాను మేడం. కింద రెండు పళ్ళు పోయాయి. బండి ఎడమ తలుపు కూడా పీకేశారు. తలుపు లేకుండా తిరుగు దారిలో ఎక్కడా ఆగలేను. తలుపు సంగతి చూడండి. పళ్ళు తరవాత.”

సుసన్నా ఆ మెసేజ్ రెండోసారి వినలేదు. హవాకి ఫోను కలిపి, ఆసుపత్రి ఉన్న ఆ పట్నంలో లారీ తలుపులు బిగించే వాడెవడున్నాడని అడిగింది. “నువ్వు ఇప్పుడు ఆ పనిలో లేవు కదా” అంది హవా. “లేను. ఎవడున్నాడు?” అంది సుసన్నా.