నడిమి గోడ

మొన్న గుడియాత్తంలోని మా పాత ఇంటి నడిమి గోడ పడగొట్టించాను. అద్దెకొచ్చేవాళ్ళు హాలు పెద్దదిగా కావాలన్నారని, వేలూరు సత్తువాచారి నుంచి బస్సెక్కి పోయేటప్పుడు అదొక చిల్లర పనే అనుకున్నాను గాని, తిరిగొచ్చిందగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఆ ఇంటికి వీధివైపు రెండు వాకిళ్ళు. కట్టింది మా నాయన, చిన్నాయన, ఇద్దరూ మేస్త్రీలే. చిన్నాయన అని నేను పిలవడమే గాని ఆయన నాయనకు తమ్ముడేమీ కాడు, ఆర్కాడు నుంచి పనికొచ్చి, నా పసితనంలోనే అమ్మ పోయాక మాతో ఉండిపోయిన మనిషి. వాళ్ళిద్దరూ ఆలుమగల్లాగా బతికారు. ఈ మాట రాయడానికి నాకు అరవై దాటాల్సి వచ్చింది చూడండి! ఊరి కళ్ళకు పక్కపక్కన రెండిళ్ళు. లోపల అడ్డుగోడ లేదు, ఒకటే పొయ్యి, ఒకటే పడక. నేను నాయన వాకిట్లోంచే రావాలి, రెండో వాకిట్లోంచి వచ్చానంటే కొంపలంటుకున్నట్టే. ఒకసారి బడికి ఆలస్యమై అటునుంచి ఉరికితే, బీడీలు చుట్టుకుంటున్న ఎదురింటి అవ్వ "ఏం పాపా, మొగోడు ఒంటిగా ఉండే ఇంట్లో నీకేం పని ఉండాది?" అని నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గంతా, రోజూ నాకు తల దువ్వి జడేసే చిన్నాయన మీదే కోపమై తిరిగింది. చాలాకాలం ఆయన చేతికి తల ఇవ్వలేదు.

నాకు వేలూరు సంబంధం వచ్చి, మగపెళ్ళివారు ఇల్లు చూడ్డానికి వస్తున్నారని తెలిశాక, మొహం మాడ్చుకుని తిరిగానే గాని నోరు తెరిచి ఏమీ అడగలేదు. చిన్నాయనే తాపీ తీసుకుని, "వచ్చినోళ్ళు లోపలికి తొంగి చూస్తారు గదమ్మా, గోడ ఉంటే నీకు మేలు" అని నడుమ గోడ లేపాడు. నాయన ఇటుకలు అందించాడు. నేనా? హమ్మయ్య అనుకున్నాను.

పెళ్ళయింది. కాన్పులకు పోయినా, చూసిపోదామని పోయినా, ఆ గోడ అట్లాగే ఉండేది. మా ఇంటాయన పక్కనుండగా దాని ఊసెత్తడానికి నాకు నోరు రాలేదు. చిన్నాయన అన్నం గిన్నె పట్టుకుని, వీధిలోంచి చుట్టి వచ్చి, తాను కట్టిన ఇంటి తలుపు తానే తట్టేవాడు. ఇద్దరూ పోయేదాకా అంతే.

ఇప్పటి పిల్లలు వేరు. ఈ సంగతి చెబితే నా మనవరాలు ఫోన్లోంచి తలెత్తకుండానే, "అయితే నీకు ఇద్దరు నాయనలా అవ్వా, భలే!" అనేసింది. అంత తేలిగ్గా అనే నోరు నాకుంటే ఎంత బాగుండేది!

మొన్న కూలీలు గునపం ఇట్లా ఆనించారో లేదో, ఇటుకలు చెక్కు చెదరకుండా ఊడొచ్చాయి. మేస్త్రీల ఇంట్లో పెరిగినదాన్ని, చూడగానే తెలిసింది. పైపూత లోపల సిమెంటు లేదు, ఒట్టి బంకమట్టి. బట్టలుతికే బండ కట్టాలన్నా సిమెంటు లేనిదే తాపీ ముట్టని మనిషి, నా పెళ్ళి కాగానే తీసేయొచ్చని మట్టితో కట్టాడు. "ఇంక తీసేయండి నాయనా" అని నేను ఒక్క మాటంటే సాయంత్రానికల్లా తీసేసేవాళ్ళు. ఆ మాట కోసం ముసలివాళ్ళిద్దరూ గోడకు చెరొక పక్క కూర్చుని ఎదురుచూశారు. నేను అనలేదు.