మేనత్త మోసుకొచ్చిన లంగరు

శుక్రవారం ఆరాధనకు కువైటులోని మంగఫ్‌లో మా సంఘం గదిలో కుర్చీలు సర్దుతుండగా ఫోను మోగింది. ఊరినుంచి మా మేనత్త కొడుకు, నా బావమరిది. "అమ్మ ఎల్లిపోయింది బావా" అన్నాడు. పొద్దున్నే టీ తాగిందట, గ్లాసు కడిగి బోర్లించిందట, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్లీ లేవలేదు.

గ్లాసు బోర్లించింది అన్న మాట దగ్గరే నేను సర్దుతున్న కుర్చీలో కూచుండిపోయాను. ఆమె ఏ గిన్నెనూ వెల్లకిలా ఉంచేది కాదు. కువైటు దుమ్ములో ఏళ్ల తరబడి వండిపెట్టిన చేతులవి. కోనసీమకు తిరిగి వెళ్లి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

ఆ ఉదయం నేను చెప్పాల్సిన వాక్యం వేరే ఉంది. అది పక్కన పెట్టేసి ఆమె గురించి చెప్పాను. మీలో కొందరు ఆ గదిలోనే ఉన్నారు గనక విన్నారు. విననివారికోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మా మేనత్త నా సంఘంలో చేరలేదు. చివరిదాకా పొద్దున్నే స్నానం చేసి తన దేవుళ్లకు దీపం పెట్టుకునే వెళ్లిపోయింది. నేను మిమ్మల్ని గద్దించినట్టే ఆమెనూ గద్దించేవాణ్ణి. "నువ్వు బాగానే అరుస్తున్నావురా అల్లుడూ, గొంతు ఎండిపోద్ది, మజ్జిగ తాగు" అనేది. కాబట్టి ఆమె ఇప్పుడెక్కడుందని నన్నడగొద్దు. తీర్పు తీర్చే కుర్చీ నాది కాదు. నేను చూసింది మాత్రం చెప్తాను, తలెత్తుకుని చెప్తాను.

ఆమె తండ్రి, అంటే మా తాత, కాలవ మీద కొబ్బరికాయల పడవ నడిపేవాడు. ఓణీలు వేసుకునే వయసుదాకా ఆమె ఆ పడవలోనే చుక్కాని పట్టుకుని పెరిగింది. భర్త పోయాక ఖాదిమా వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద కువైటు వచ్చి, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో వంటకు కుదిరింది. ఆ ఇంటి యజమానికి చెప్పి నన్ను డ్రైవరుగా రప్పించింది కూడా ఆమే. ఆయన్ని మేము బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా అనేవాళ్లం. బాబా తాతముత్తాతలు తెరచాప పడవల్లో మన మలబారుదాకా వచ్చిపోయినవాళ్లు. కారు ఆపి మామా కోసం ఎదురుచూసే గంటల్లో నేను లేఖనాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నా బైబిలు కళాశాల ఆ కారే.

కువైటు మీదికి ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు. దానికి కొద్ది వారాల ముందు బక్రీదు సెలవులు వచ్చాయి. ఆ సెలవులు పడవలోనే గడపాలని బాబా తన చెక్క పడవను చక్రాల బండి మీదెక్కించి కారుకు తగిలించి ఉత్తరాన సుబియా వైపు తీసుకెళ్లాడు. అక్కడ సముద్రం ఒక పాయగా నేలలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. దాన్ని ఖోర్ అంటారు. ఇటు ఒండ్రు, అటు ఒండ్రు, నడుమ బురదరంగు నీళ్లు. మనవలు, మామా, వంటకు అత్త, మోతకు నేను. అత్త ఒడ్డున నిలబడి చుట్టూ చూసి, "ఇది మన కాలవేరా. కొబ్బరిచెట్లు ఇంటికాడ మర్చిపోయి వచ్చేసింది" అంది.

మొదటి రోజంతా హాయిగా గడిచింది. చేపలు పట్టారు, ఆమె వండింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం గిన్నె దించుతూ ఆమె ఒక్కసారి ఆగి, ముఖాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పింది. రెండు చెవుల్లోనూ గాలి ఒకేలా వినిపించేదాకా తిప్పుతుంది. అప్పుడు ముక్కు ఎటు ఉంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. "ఉత్తరం" అంది. ఉత్తరాన ఆకాశం పసుపుపచ్చగా ఉంది. అరబ్బులు శమాల్ అనే గాలి అది.

గాలి ఒకవైపు, సముద్రం వెనక్కి తీసే పాటు మరోవైపు. నీళ్లు పొట్టిపొట్టిగా లేచి పడవను కొట్టాయి. బాబా పడవను ఒండ్రుగట్టు చాటుకు తిప్పి లంగరు వెయ్యమన్నాడు. వేశాను. పడవ ఎంత దగ్గరగా ఉంటే అంత క్షేమమనుకుని తాడు పొట్టిగా బిగించి కట్టాను. పడవ ఎగిరిన ప్రతిసారీ తాడు టక్కున లాగింది, లంగరు లేచి జారింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? లేచి నిలబడ్డాను. రెండు చేతులూ ఎత్తి, నా ప్రభువు గలిలయ సరస్సు మీద గద్దించినట్టు, శమాల్ గాలిని గద్దించడం మొదలుపెట్టాను.

అత్త నా చొక్కా పట్టుకుని కిందికి గుంజింది. "కూచోరా. ఆయన గద్దిస్తే గాలి ఆగింది. నువ్వు నిలబడితే పడవ తిరగబడుద్ది."

అంటూనే పాకి వెళ్లి నేను వేసిన ముడి విప్పింది. వెనక చుక్కాని దగ్గరనుంచి బాబా కూడా అదే పనికి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరి చేతులూ ఒకేసారి అదే తాడు మీద పడ్డాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కలిసి తాడు వదిలారు, చివరిదాకా వదిలారు. పడవ వెనక్కి, వెనక్కి జారిపోతుంటే మామా గుండెలు బాదుకుంది. మేమంతా కొట్టుకుపోతున్నామనే అనుకున్నాం. చివర్న తాడు బిగుసుకుంది. పడవ ముందు కొస గాలివైపు తిరిగింది, తల వంచుకుని ఊగింది, ఆగింది.

తర్వాత ఆమె నీడకు కట్టిన గుడ్డంతా చుట్టించేసింది. గాలికి పట్టు దొరకకూడదంది. పిల్లల్ని అడుగున కూచోబెట్టింది. గిన్నెలన్నీ బోర్లించింది. సాయంత్రం గాలి తగ్గేదాకా వాళ్లకు తెలుగులో ఏవో కథలు చెప్పింది, వాళ్లు అరబ్బీలో నవ్వారు. నాకు మాత్రం ఒక్క మాట చెప్పింది. ఆ మాట మీద నేను తర్వాత ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు.

"పొట్టి తాడు లంగర్ని లేపుద్దిరా. పొడుగు తాడు పడుకోబెడుద్ది. పడుకున్న లంగరే పట్టుకుంటది."

బాబా ఆ రోజునుంచి ఆమెను నోఖదా అని పిలిచాడు. అంటే పడవకు పెద్ద. వంటింటి గుమ్మంలో నిలబడి "యా నోఖదా, చాయ్" అని కేకవేసేవాడు.

ఆ తర్వాత కొద్దికాలానికే ఆ తెల్లవారుజాము. ట్యాంకుల చప్పుడుకి లేచాం. కొన్నాళ్లకు సైనికులు ఇంటికొచ్చి వాకిట్లో ఉన్న పడవను బండితో సహా తోలుకుపోయారు. లంగరు మాత్రం మిగిలింది. తాడుకున్న ఉప్పు పోవాలని అత్త అంతకుముందే దాన్ని విప్పి, కడిగి, పెరట్లో ఆరబెట్టి ఉంచింది.

బాబా కుటుంబం సౌదీ వైపు వెళ్లడానికి సిద్ధమైంది. మా పాస్‌పోర్టులు మా చేతిలో పెట్టి, ఇంట్లో ఏం కావాలో తీసుకోండి, రేపు ఎలాగూ వాళ్లు ఎత్తుకుపోతారు అన్నాడు. టీవీ ఉంది, తివాచీలు ఉన్నాయి. అత్త లంగరు కావాలంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇనుము ఎందుకత్తా అన్నాను. "మనం ఎల్లేది ఎడారికి గదా. అక్కడ గాలి తప్ప ఏం ఉంటది? గాలి ఉన్నచోటికి లంగరు లేకుండా ఎవడెల్తాడ్రా?" అంది.  బాబా కింద కూచుని తన చేత్తోనే తాడు చుట్టి గోనెసంచిలో పెట్టాడు.

ఇండియాకు విమానం ఎక్కడానికి ఇరాక్ మీదుగా జోర్డాను వెళ్లే బస్సులో ఆ సంచి అందరికీ వేళాకోళమైంది. ముందు సీట్లో ఒక కడప అన్న. "ఏందక్కా, అందురూ బంగారం దాపెట్టుకుంటాంటే నువ్వు ఇనుము తెచ్చుకుంటివే" అన్నాడు. "నీకేలే తమ్ముడూ, పెళ్లిలో మెళ్లో కడతాను" అంది. బస్సంతా నవ్వింది. చాన్నాళ్ల తర్వాత నవ్విన నవ్వది.

దారిలో ఒక చోట సైనికులు ఆపి సామాను విప్పించారు. లంగరు చూసి ఒకడు పడవేదని అడిగాడు. మేమంతా తలలు దించుకున్నాం. అత్త దించలేదు. తన వంటింటి అరబ్బీలో, పడవ మీవాళ్ల దగ్గరుంది, ఇచ్చినప్పుడు కట్టుకుంటాను అంది.  వాడు ఆమెను అలాగే చూశాడు, కుర్రవాడు, గడ్డం కూడా సరిగ్గా రాలేదు. సంచిని కాలితో ఆమెవైపు నెట్టి యల్లా అన్నాడు, ఇక పొమ్మని. ఫరో రాజుల ముందు నిలబడ్డవాళ్ల గురించి నేను లేఖనాల్లో చదివాను. నిలబడ్డ మనిషిని కళ్లారా చూసింది ఆ రోజే.

సరిహద్దు దాటాక ఎడారిలో గుడారాలు. మా గుడారంలో కరీంనగర్ జంట ఒకటి చేరింది. వాళ్లకు నెల కూడా నిండని ఆడబిడ్డ. బయట ఎండ నిప్పు. ఆ గుడారం నీడ తప్ప ఆ పసిదానికి మరో నీడ లేదు. పొద్దెక్కితే గాలి లేచేది. ఇసుకలో దిగ్గొట్టిన మేకులు రోజూ వదులయ్యేవి.

ఒక మధ్యాహ్నం గాలి ముదిరింది. మా ముందు వరసలో గుడారాలు ఒక్కొక్కటే లేచి దొర్లుకుంటూ పోయాయి. మా మేకులు రెండు ఊడాయి. తల్లి బిడ్డను పొట్టకదుముకుని వంగి కూచుంది. నేనూ కడప అన్నా గుంజ పట్టుకుని వేలాడుతున్నాం. అత్త ముఖం అటూ ఇటూ తిప్పింది. సంచి ఎత్తుకుని గాలికెదురుగా నడిచింది, ఆగకుండా నడిచింది. అన్నం పళ్లెంతో ఇసుక తవ్వి లంగరు పాతింది. బిడ్డ తండ్రి తాడు కొస పట్టుకుని, "అక్కా, గంత దూరమెందుకు? ఈడ్నే కడ్తె గట్టిగుంటది గదా" అని అరిచాడు.

"గట్టిగా ఉంటది. లేచి పోద్ది. తాడంతా వదులు" అంది.

తాడు గుంజ పైకొసకు కట్టాం. రెండు పక్కల గుడ్డలూ పైకి చుట్టమంది, గాలి దూరి వెళ్లిపోనివ్వమంది. మూసుకుంటే కదా రక్షణ అని అందరి బుద్ధీ చెప్తుంది. ఆమె తెరవమంది. గుడారం ఒక్కసారి లేచింది. వెనక్కి వాలింది. తాడు నేలబారున బిగుసుకుని వీణతీగలా మోగింది. పట్టుకుంది. కడప అన్న వెళ్లి లంగరు పాతిన చోట ఇసుక మీద బోర్లా పడుకున్నాడు, బరువుకి. అత్త వెనక్కి తిరిగొచ్చి, "మెళ్లో కడతానంటే పొట్టకింద పెట్టుకున్నాడు" అంది.

నేను ఆ రోజు నిలబడలేదు. తాడు పట్టుకుని కూచునే ప్రార్థన చేశాను. తుఫానులో నాలుగు లంగర్లు దించి తెల్లవారాలని ఎదురుచూసిన ఓడవాళ్ల సంగతి లేఖనాల్లో ఉంది. ఎన్నోసార్లు చదివాను. తాడు అరచేతుల్ని కోస్తుంటే అప్పుడు అర్థమైంది. గూడు పోయినవాళ్లు ఎందరో ఆ నీడలోకొచ్చి కూచున్నారు. గాలి పడేసరికి ఇసుక పట్టిన మా అందరి ముఖాల మధ్య ఆ బిడ్డ నిద్రపోతోంది. ఆ తల్లి అత్తకు ఏటా ఫోను చేసేది. "పిల్ల మంచిగున్నదక్కా" అని. ఇప్పుడా పిల్లకే పిల్లలు.

యుద్ధం ముగిశాక బాబా మళ్లీ వీసాలు పంపాడు. అత్త లంగరును ఊరినుంచి కువైటుకు మోసుకొచ్చింది, ఆయన సామాను ఆయనకివ్వాలని. ఆయన తీసుకోలేదు. పడవ లేనివాడికి లంగరెందుకు, అది నోఖదా దగ్గరుండాలి అన్నాడు. పని మానేసి వెళ్లేటప్పుడు ఆమె దాన్ని మళ్లీ ఇంటికి పట్టుకెళ్లింది. దూడను దానికే కట్టేసేది. నిరీక్షణ, అంటే దేవుని మీద ఆశ, లంగరులాంటిదని నేను బోధిస్తాను. మా అత్తకది తుప్పుపట్టిన నాలుగు కొక్కేలు, కొబ్బరిపీచు చుట్టుకున్న తాడు. అయినా ఆ మాటను ఆమెలా బతికిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ శుక్రవారం నేను వెళ్లలేకపోయాను. మా గదిలోవాళ్లంతా చుట్టూ నిలబడగా ఫోనులోనే చూశాను. వాకిట్లో ఆమెను పడుకోబెట్టారు, నడినెత్తిన ఎండ. గోదావరి వైపునుంచి గాలి లేచింది. షామియానాను కుర్రాళ్లు దగ్గరున్న గేటు కమ్మీకి పొట్టిగా బిగించి కట్టారు. అది ఎగిరెగిరి పడుతోంది. ముడులు ఊడుతున్నాయి. ఎండ ఆమె ముఖం మీదికి వచ్చి పోతోంది.

లంగరు తియ్యరా అన్నాను. బావమరిదికి క్షణం అర్థం కాలేదు. తర్వాత పరుగెత్తాడు. దూడను విప్పి, లంగరును ఈడ్చుకొచ్చి, గాలి వచ్చేవైపు వీధికవతల చేలో గుంట తవ్వి దించాడు. తాడు అక్కణ్ణుంచి వాకిట్లోకి తెచ్చి, మిగిలింది చుట్టేసి షామియానా గుంజకు కట్టబోయాడు.

"చుట్టకు. అంతా వదులు" అన్నాను.

లంగరును ఇంకా అవతలికి జరిపి మళ్లీ పాతాడు. తాడు చివరిదాకా సాగింది. షామియానా ఒక్కసారి లేచింది, వెనక్కి వాలింది, తల వంచుకుని నిలిచింది. దాని కింద ఆమె ముఖం మీద నీడ కదలకుండా ఉంది.