కార్డులన్న కంప్యూటర్‌కు నేను ప్రసాదించిన స్వేచ్ఛ

ఎదుటి మనిషి ఎలాంటివాడో అతని కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్న దాన్నిబట్టి తేల్చేసే వయసు ఒకటి నాకూ ఉండేది. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. నేను విజయనగరం నుంచి డిగ్రీ పట్టా పట్టుకొని వచ్చి, మల్కాజ్‌గిరిలో పిన్నివాళ్లింట్లో ఉంటూ, సీతాఫల్‌మండిలోని ఒక చిన్న శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పేదాన్ని. చెప్పాల్సింది విండోస్ గురించి. మనసంతా లైనక్స్ మీద. అది ఉచితం, దాని లోపలి రాతంతా ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు అని తెలిసిన రోజు నుంచీ మిగతావి వాడేవాళ్లను చూస్తే నాకు జాలి. (వాళ్లు సుఖంగానే ఉన్నారన్న సంగతి ఆ జాలిని ఇంకా పెంచేది.) మొబైళ్ల మీద సైతం నాకు గట్టి అభిప్రాయాలే. తోటి ఉద్యోగులు ఫోన్లో పాము ఆట ఆడుకుంటుంటే నేను ఎవరో వాడి అమ్మేసిన జేబు కంప్యూటర్ తీసి, దాని పుల్లతో తెర మీద రాసుకునేదాన్ని. మామూలు ఇంగ్లీషు అక్షరాలు దానికి అర్థం కావు, ప్రతి అక్షరాన్నీ అది కోరిన వంకరలో రాయాలి. పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ దెబ్బకు బ్యాంకువాళ్లు నా సంతకం కుదరలేదని రెండుసార్లు తిప్పి పంపారు. ఇక మాట్లాడడమనే సదుపాయం దాన్లో లేదు కనుక, ఇంటికి ఫోన్ చేయాలంటే మాత్రం వీధి చివరి ఎస్టీడీ బూత్‌లో వరసలో నిలబడేదాన్ని.

మా వీధి మొదట్లో ఒక్క గది దుకాణంలో పెళ్లికార్డులు కంపోజ్ చేసే ఆయన ఉండేవాడు. అసలు పేరేమో నాకిప్పటికీ తెలియదు, అందరికీ కార్డులన్నే. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తెచ్చే ఫ్లాపీలలోంచి వైరస్‌లు ఎక్కి కంప్యూటర్ మాటిమాటికీ మొరాయించేది. ఒక శనివారం సాయంత్రం ఆయన తల పట్టుకొని కూర్చున్నప్పుడు నేను దొరికాను. లైనక్స్ పెట్టుకుంటే ఈ బెడదే ఉండదని మొదలుపెట్టి, స్వేచ్ఛ దాకా వెళ్లి, అరగంట మాట్లాడాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు: "నా కార్డులన్నీ గట్లనే ఉంటయా చెల్లె?" ఉంటాయన్నాను. "గంతే చాలు. జెర జల్ది చెయ్యి, సోమారం పార్టీ వస్తుండు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే, కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీ పట్టుకొని దిగాను. ఆయన ఫైళ్లన్నీ ఒక పక్క భద్రంగా దాచాను (అంత బాధ్యత లేనిదాన్ని కాను). మిగిలినదంతా తుడిచేసి, కొత్త సిస్టమ్ ఎక్కించి, పదకొండింటికల్లా నీలంగా మెరిసే తెర ఆయనకు చూపించాను. బాగుందన్నాడు. సోమవారం పార్టీ కార్డు తెరిచి చూపమన్నాడు. తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలర్ గుర్తులు. కార్డులన్న కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. "ఏంది చెల్లె గిది? ఇంగ్లీష్ లెక్క ఉన్నది గని ఇంగ్లీష్ గాదు."

నాకప్పుడు వెలిగింది. ఆ కాలపు తెలుగు ఫాంట్లంటే ఇంగ్లీషు గుర్తులకు వేసిన తెలుగు వేషాలు. ఆ వేషాలన్నీ ఆయన కంపోజింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి. ఆ సాఫ్ట్‌వేర్‌ను నేను మిగిలినదాంతో పాటు తుడిచేశాను. దాని సీడీ అమ్మినాయన దగ్గరే ఉంది, ఆయన ఊరెళ్లాడు, నెల దాకా రాడు. మిగతా దుకాణాలవాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు, దాని వేషాలూ వేరు, ఈ ఫైలు అక్కడా చదవడం కుదరదు.

మరో దుకాణంలో మళ్లీ టైపు చేయిస్తే పోదా అన్నాను. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పార్టీ అంటే నేరేడ్‌మెట్‌లో ఉండే మీసాల సాబ్, సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన చిన్న కూతురి పెళ్లి. కార్డు మీద ఆహ్వానించే పెద్దల పేర్లు నలభై రెండు. ఎవరి తర్వాత ఎవరన్నది తేలడానికి వారం పట్టిందట. పూటకొకరు దుకాణానికొచ్చి తమ పేరు ఒక మెట్టు పైకి జరిపించుకొని వెళ్లేవారట. పెళ్లికూతురి మేనమామ మల్లయ్యయితే, ఏడో స్థానం నుంచి కిందికి దించితే పెళ్లికే రానని చెప్పి వెళ్లాడట. చివరికి కుదిరిన వరస ఏ కాగితం మీదా లేదు, ఆ ఫైల్లోనే ఉంది. "మల్ల అడిగితే మల్ల కొట్లాట షురూ అయితది," అన్నాడు కార్డులన్న. నాకు టీ తెప్పించాడు. తిడితే బాగుండేదనిపించింది.

చేయగలిగింది ఒక్కటే కనిపించింది. ఆయన దగ్గరున్న పాత అచ్చు కార్డొకటి, దాని ఫైలూ పక్కపక్కన పెట్టుకొని, ఏ గుర్తుకు ఏ తెలుగు అక్షరమో పట్టిక రాసుకున్నాను. తర్వాత ఆ పట్టిక సాయంతో నలభై రెండు పేర్లనూ ఒక్కొక్క అక్షరం విప్పుతూ కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను. ఏడో పేరు దగ్గర ఉండగా, అన్నం వేళ దాటినా నేను రాలేదని పిన్ని దుకాణం దాకా వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటే గుంటా, ఆయన కంప్యూటర్ పెట్టిని ఏటి చేసీసేవు?" అంది. ఆమెకు సర్దిచెప్పి పంపి మళ్లీ పనిలో పడ్డాను. సాయంత్రానికి పూర్తయింది. సీతాఫల్‌మండిలో కార్డులన్న స్నేహితుడి దుకాణంలో నా కాగితాన్ని ఉన్నదున్నట్టు కంపోజ్ చేశారు. సోమవారం మీసాల సాబ్ వచ్చాడు. ఆయనకు కావలసింది వరస, పేర్లు ఎలాగూ కంఠతా వచ్చు. వేలు పెట్టి లెక్కపెట్టుకొని, నలభై రెండూ బరాబరే అని సంతకం పెట్టాడు. నేను ఆ రోజు సంస్థలో పాఠం చాలా ఉత్సాహంగా చెప్పాను.

గురువారం మీసాల సాబ్ ఒక కార్డు పట్టుకొని మళ్లీ వచ్చాడు. నన్ను పిలిపించారు. ఏడో పేరు మీద వేలు పెట్టి, "చదువు బిడ్డా," అన్నాడు.

"శ్రీ యల్లమ్మ, మేనమామ," అని చదివాను.

నా పట్టికలో మ, య పక్కపక్క గడులు. పిన్నికి సమాధానం చెప్పి తిరిగేసరికి నా కళ్లు గడి మారాయి. మ ఉండాల్సిన చోట య, య ఉండాల్సిన చోట మ పడి, మేనమామ మల్లయ్య కాస్తా పేరంటాలైపోయాడు. కార్డులన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడనుకొని నాకూ కన్నీళ్లొచ్చాయి. (నవ్వుతున్నాడని చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నాడు.) తర్వాత రెండు సాయంత్రాలు ఆయనా నేనూ కూర్చొని, మల్లయ్య అని అచ్చేసిన సన్నటి చీటీలను మూడు వందల కార్డుల మీద మైదాపిండి జిగురుతో అంటించాం. కానీ అప్పటికే కొన్ని కార్డులు చుట్టాలకు చేరిపోయాయి. మొట్టమొదట చేరింది మల్లయ్యకే.

కార్డులన్న కుటుంబంతో పాటు నన్నూ పెళ్లికి పిలిచారు. వెళ్లకపోతే పిరికిదాన్నవుతానని వెళ్లాను. మల్లయ్య రాకపోతే ఆ పాపం నాదేనన్న భయంతో గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. వచ్చాడు, అందరికంటే ముందే వచ్చి పందిట్లో తిరుగుతున్నాడు. బావలు, మరదళ్లు, చివరికి పురోహితుడితో సహా ఆయన్ని యల్లమ్మక్కా అని పిలుస్తున్నారు. భోజనాల దగ్గర నా పక్కన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"నువ్వేనా నన్ను ఆడమనిషిని జేసినది?"

క్షమించమని ఏదో గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. "ఏడో పేరు గావాలని అంతమందితోని కొట్లాడిన. నిజం జెప్తున్న బిడ్డా, కార్డుల ఏడో పేరు ఎవ్వలు చదవరు. గీ పెండ్లిల అందరు నాదే చదివిన్రు." అంటూ జేబులోంచి కొత్త ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. కొడుకు కొనిచ్చాడట, అందులో అయినవాళ్ల పేర్లు, నంబర్లు ఎక్కించాలట, నాకు అన్నీ వస్తాయని కార్డులన్న చెప్పాడట.

"తప్పు పడిపోతుందేమోనండీ," అన్నాను.

"ఇంతకన్న ఏం పడ్తది?" అన్నాడు.

ఎక్కించాను. పదకొండు పేర్లు. ప్రతి పేరూ ఎక్కించాక పైకి చదివి వినిపిస్తే, ఆయన విస్తరి మీంచి తల ఎత్తకుండా "ఊ" అనేవాడు. తర్వాతి వారం కంపోజింగ్ సీడీ దొరికాక, దాంతో సహా కార్డులన్న పాత విండోస్‌ను నా చేతులతోనే మళ్లీ ఎక్కించాను. దాన్ని గురించి ఆయనకు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదే బతుకుతున్నాను. అయినా నా ఫోన్లో ఏ సిస్టమ్, ఎన్నో వెర్షన్ అని ఎవరైనా అడిగితే వెతికి చూసి చెప్పాల్సి వస్తుంది. ఆనాటి ఆ పిల్ల ఇవాళ ఎదురైతే నన్ను చూసి నిరాశపడుతుందని తెలుసు. కూర్చోబెట్టి టీ ఇస్తాను, చెప్పేదంతా చివరిదాకా వింటాను, అందులో చాలా మాటలు నిజమేనని ఒప్పుకుంటాను కూడా. ఫోన్ మాత్రం దాని చేతికివ్వను.