ఎదురు తిరిగిన సాక్షి

కోకాపేటలో ఒక ఆఫీసు టవర్లో హౌస్‌కీపింగ్ పనిచేసే ఎస్తేరు నాలుగేళ్ళలో పదకొండుసార్లు కోర్టుకు వెళ్ళింది. ఆమె మీద కేసేమీ లేదు. ఒక మనిషిని చంపడం చూసింది, అంతే.

2021 ఆగస్టు. పొద్దున ఆరు గంటలకు షేర్ ఆటో దిగి టవర్ వైపు నడుస్తోంది. రోడ్డు మధ్య డివైడర్ మొక్కలకు పైపుతో నీళ్ళు పడుతున్న తిరుపతి అనే పనివాణ్ణి ఒక తెల్లకారు గుద్ది, కొంతదూరం ఈడ్చుకెళ్ళి ఆగింది. పాతికేళ్ళ కుర్రాడు దిగాడు. ఒక చెవికి పోగు. పడున్న మనిషిని చూశాడు, బంపర్ చూసుకున్నాడు, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఎస్తేరు కారు నంబరు అరచేతి మీద రాసుకుంది. అంబులెన్స్ వచ్చేసరికి తిరుపతి ప్రాణం పోయింది.

ఆ రోజే స్టేషన్‌కు వెళ్ళి అంతా చెప్పింది. నంబరు, కుర్రాడు, చెవిపోగు. అక్కడి రైటర్ కానిస్టేబుల్ తలెత్తకుండా రాసుకున్నాడు.

"ఒకసారి చదివి వినిపిస్తారా అండీ?"

"అక్కర్లేదమ్మా. నీ సంతకం గూడ అవసరం లేదు. ఇగ పో."

ఆ తర్వాత అన్నీ వాయిదాలే. ఒకసారి జడ్జి సెలవు. ఒకసారి వకీలు రాలేదు. ఒకసారి ఫైలే కనపడలేదు. సెలవడిగిన ప్రతిసారీ సూపర్‌వైజర్ భాస్కర్ చిరాకుపడేవాడు. "చచ్చిపోయినాయన నీకు చుట్టమా, పక్కమా? నీకెందుకమ్మా?"

ప్రతి వాయిదాకూ గోపన్‌పల్లి నుంచి తిరుపతి భార్య కనకలక్ష్మి వచ్చి వరండాలో కూర్చునేది. "నీ మాట మీదనే ఉన్నం అక్కా," అనేది.

పదోసారి నిజంగానే పిలిచారు. లోపలికి వెళ్ళేముందు సర్కారు వకీలు చెప్పాడు. "ముద్దాయిని చూపిస్తా. ఈయనే నడిపాడని చెప్పండి. చాలు."

బోనులో నిలబడ్డది నెరిసిన జుట్టు మనిషి. పేరు రామన్న, కారు ఓనర్ దగ్గర డ్రైవర్. ఎస్తేరు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"కారు నడిపింది ఈయనేనా?"

"కాదండీ. కుర్రాడు."

వకీలు మొహం మారిపోయింది. సాక్షి ఎదురు తిరిగిందని కోర్టుకు చెప్పి, ఆమెనే ప్రశ్నించడానికి అనుమతి తీసుకున్నాడు. పోలీసు కాగితం చేతిలో పట్టుకుని గొంతు పెంచాడు.

"యాభై ఏళ్ళాయన నడిపాడని మీరే చెప్పినట్టు ఇందులో ఉంది. చెప్పలేదా?"

"చెప్పలేదండీ. వాళ్ళేం రాసుకున్నారో నాకు చూపించలేదు."

"ముద్దాయి మనుషులతో చేతులు కలిపి అబద్ధం చెబుతున్నారు. అవునా?"

ఎస్తేరుకు ఒళ్ళంతా మండిపోయింది. "నాలుగేళ్ళ నుంచి తిరుగుతున్నానండీ, ఈ మాట అనిపించుకోవడానికా? నేనెవరికి ఎదురు తిరిగాను? చూసింది చెప్పాను. ఆ కుర్రాడేడీ? వాణ్ణి ఎందుకు తీసుకురాలేదు?"

"అడిగినదానికే జవాబు చెప్పండి," అన్నాడు జడ్జి.

రెండు వారాలకు తీర్పు వచ్చింది. రామన్న నడిపినట్టు రుజువు కాలేదు, కేసు కొట్టేశారు. మరి ఎవరు నడిపారు? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆ రోజు వరండాలో కనకలక్ష్మి ఎస్తేరు చెయ్యి విదిలించుకుంది. "అవునని ఒక్క మాటంటే ఏం పోతుండె నీకు? ఒక్కడన్నా జైలుకు పోతుండె గద! నా మొగడు ఉత్తగనే సచ్చిండా?"

ఎస్తేరు నోరు తెరిచేలోపే రామన్న వాళ్ళ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "నేను కాదమ్మా. ఆ పొద్దు నేను బండి ముట్టనే లేదు. ఓనర్ ఒప్పుకొమ్మన్నడు. కొలువు పోతదని ఊకున్న."

"మరెవడు నడిపిండు? చెప్పు!" కనకలక్ష్మి అతని చొక్కా పట్టుకుంది.

రామన్న చొక్కా విడిపించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కనకలక్ష్మి అక్కడే కూలబడింది. ఎస్తేరు పక్కన కూర్చుంది.

"వాణ్ణి చూస్తే గుర్తుపడ్తవా అక్కా?" అడిగింది కనకలక్ష్మి.

"ఎప్పుడు చూసినా గుర్తుపడతాను."

మర్నాడు ఇద్దరూ కలిసి అర్జీ రాయించారు. కేసు మళ్ళీ విచారించాలని, అసలు నడిపినవాణ్ణి పట్టుకోవాలని, పోలీసులు తప్పుడు వాంగ్మూలం రాశారని. ఆ చివరి మాట తీసేస్తే మంచిదన్నాడు రాసినాయన. ఎస్తేరు ఒప్పుకోలేదు. పోలీసు పెద్దాఫీసులో అధికారి అది చదివి కళ్ళజోడు తీశాడు.

"పోలీసుల మీదే రాసినవా? ఆలోచించుకున్నవా? ఇంతకీ సచ్చిపోయినాయన నీకేమైతడు?"

"ఏమీ అవరండీ. ముద్రేసి రసీదు ఇవ్వండి."

రసీదు ఇచ్చారు. ఐదు నెలలైంది, ఎవరినీ పిలిచి అడగలేదు. ఎస్తేరు, కనకలక్ష్మి ప్రతి సోమవారం ఆ ఆఫీసుకు వెళుతూనే ఉన్నారు. గేటు దగ్గర కానిస్టేబుల్ ఇప్పుడు వాళ్ళను చూడగానే మొహం తిప్పుకుంటాడు.