కెమెరా మూతలో అక్షింత

మా కాలేజీలో ఏ వస్తువు కొనాలన్నా ముందు నన్ను అడిగేవారు. ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఫ్యాను దగ్గర నుంచి ప్రొజెక్టర్ దాకా అన్నీ నాకు తెలుసని అందరి నమ్మకం. అందరికంటే నాకే ఎక్కువ నమ్మకం.

మాది జగ్గయ్యపేట, కాలేజీ నందిగామలో. పొద్దున బస్సెక్కగానే పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగు పెట్టేదాన్ని. చిల్లకల్లులో మా ఆటల మేడం ఎక్కితే అది తీసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఆమె నాకంటే పదేళ్ళు చిన్నది. చర్చికి వెళ్ళే కుటుంబం. వాళ్ళమ్మ మిరప కోతలకి వెళ్ళి ఆమెను చదివించింది. మాకు ఆ మిరప తోటలే ఉండేవి. బస్సులో ఈ సంగతి మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు, రాకపోవడం నా గొప్పతనమే అనుకునేదాన్ని.

ఆ ఏడు ఆమె ఫైనలియర్ అమ్మాయిలు ముగ్గురికి కయాక్ నేర్పుతోంది. ఒక్కరే కూర్చుని రెండు వైపులా తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ అది. ఆదివారాలు వేదాద్రి దగ్గర కృష్ణలో ప్రాక్టీసు. తెడ్డు నీళ్ళలో ఎక్కడ దిగుతోందో వీడియో తీసి చూపిస్తే తప్ప పిల్లలకి తప్పు తెలియదని, తడిసినా పాడవని కెమెరా ఒకటి కావాలని ప్రిన్సిపాల్ గారిని అడిగింది. ఆయన ఎప్పటిలాగే ఎంపిక నాకు అప్పజెప్పారు.

బస్సులో ఫోన్ తీసి ఒక కెమెరా చూపించాను. "చూడండి, బొమ్మ ఎంత క్లియర్‌గా వస్తోందో."

"టచ్ స్క్రీను కదండీ మేడం. తడి చేత్తో నొక్కితే పలకదు. బటన్లుండాలి, అవీ పెద్దవి" అంది.

ఇంకొకటి చూపించాను. నీళ్ళలో పదిహేను మీటర్ల లోతు దాకా పనిచేస్తుందని రాసి ఉంది.

"మనం అంత లోతుకెందుకు దిగుతామండి. మూతకి లాకు ఒకటా రెండా చూడండి. బ్యాటరీ, కార్డు అన్నీ ఆ మూత కిందే ఉంటాయి. అది కొంచెం తెరుచుకుందంటే అయిపోయినట్టే. చెయ్యి జారితే మునిగిపోద్ది, అందుకని తేలే పట్టీ కూడా తీసుకోవాలి. రంగు నారింజైతే దూరాన్నించి కనపడుద్ది."

రెండు లాకులున్న నారింజ రంగు కెమెరాకే ఓటు వేశాం. ప్రిన్సిపాల్ గారి ముందు నేను తడి చేతుల గురించి, లాకుల గురించి, తేలే పట్టీ గురించి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె పక్కనే నిలబడి వింది. "అందుకే మేడం గారిని అడిగేది" అన్నారాయన. నేను సర్దుకుని కూర్చున్నాను.

కెమెరా వచ్చాక మొదటి ఆదివారం నేనూ వేదాద్రి వెళ్ళాను. నేను ఎంపిక చేసిన వస్తువు నీళ్ళలో దిగుతుంటే చూడకపోతే ఎలా. ఆమె పొద్దున చర్చిలో ఆరాధన మానుకుని పిల్లల్ని తీసుకొచ్చింది. నేను గుళ్ళోకి వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, కుంకుమ, అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుని ఆమె కెమెరాని ఒళ్ళో పెట్టుకుని మెమరీ కార్డు వేస్తోంది. మూత తెరిచి ఉంది.

మా ఇంట్లో కుక్కర్ కొన్నా బొట్టు పెట్టకుండా పొయ్యెక్కించం. నేను వంగి కెమెరా మీద అక్షింతలు చల్లాను.

"మూత వేశాక చల్లండి మేడం. ఆ రబ్బరు మీద నలుసు పడితే నీళ్ళు దిగుతాయి" అంటూ ఆమె ఊదబోయింది.

పిల్లలు చూస్తున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా కెమెరా గురించి నాకే పాఠమా అనిపించింది.

"దేవుడి అక్షింతలకి కూడా మీ రూల్సేనా అండి?" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఊదకుండానే ఆగిపోయింది. నేను ఆమె ఒళ్ళో నుంచి కెమెరా తీసుకుని మూత నొక్కి, రెండు లాకులూ నేనే వేసి, దాని నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి తిరిగి ఇచ్చాను. ద్రవాల పీడనం గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నదాన్ని నేను.

ఆమె పడవ పక్కన నడుం లోతు నీళ్ళలో నిలబడి వీడియో తీసింది. రెండో అమ్మాయి పడవ తిప్పుకుని వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. కాసేపటికి తెర నల్లబడిపోయింది. అందరం గట్టు మీద గుమిగూడాం.

"మూత సరిగ్గా వేశారా?" అని అడిగాను. ఆమెనే అడిగాను.

ఆమె నా వంక చూసింది. మూత వేసింది ఎవరో నా చేతులకి తెలుసు. ఆమెకీ తెలుసు.

"చూసుకోవాల్సిందండి" అంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు మా ఇద్దర్నీ పిలిచారు. కెమెరా చివరగా తెరిచిందెవరని అడిగారు. "కార్డు వేసింది మేడమేనండి" అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధమాడినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో. ఖరీదైన సామాను అజాగ్రత్తగా వాడేవాళ్ళని నీళ్ళ దగ్గరికి పంపితే రేపు పిల్లలకేమవుతుందో అన్నారాయన. కయాక్ బాధ్యత ఆమె నుంచి తీసి కామర్స్ సార్‌కి ఇచ్చారు. ఆయనకి నీళ్ళంటే భయం. ప్రాక్టీసు రెండు వారాల్లో ఆగిపోయింది.

ఆ తర్వాత సర్వీస్ సెంటర్ నుంచి కెమెరా తిరిగొచ్చింది. ల్యాబ్ నా చేతిలో ఉంది కాబట్టి పార్సిల్ నా దగ్గరికే వచ్చింది. మూత రబ్బరు కింద నలుసు ఇరుక్కుని నీళ్ళు దిగాయని, బాగుచేయడం కుదరదని కాగితం. దాంతోపాటు చిన్న ప్లాస్టిక్ పొట్లంలో ఆ నలుసు కూడా పంపారు. బియ్యపు గింజ. పసుపు రంగు ఇంకా పోలేదు.

తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఆ పొట్లాన్ని హ్యాండ్‌బ్యాగులో దాచాను. రోజూ పొద్దున ఆ బ్యాగునే పక్క సీట్లో పెట్టి, ఆమె ఎక్కగానే తీసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఆమె రోజూ నమస్కారం చెప్పి కూర్చునేది. పిల్లల సంగతి మాత్రం ఎత్తేది కాదు. చెప్పుకోవాలంటే ఇరవై నిమిషాల దారి చాలు. నేను నాలుగు నెలలు తిరిగాను. పిల్లల ఆఖరి పరీక్షలయిపోయాక, ఇక వాళ్ళకి ఆ పడవ ఎక్కే వీలు లేదని తెలిశాక, పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను. అది కూడా ధైర్యం కాదు, మోయలేకపోవడం.

ఆమె పొట్లాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"తెలుసండి" అంది.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా, మూత నేను వేశానని?"

"మీరు చెబితే ఏదో పొరపాటంటారండి. అదే అక్షింతల మాట నా నోటెంట వస్తే గొడవ."

బస్సు నందిగామ చేరింది. దిగి తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. పొట్లం బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను, ఆమె వద్దన్న సంగతి, నేనన్న మాట కూడా. తిడతారని, తిడితే బాగుండని అనుకున్నాను.

ఆయన నవ్వారు. "దేవుడి అక్షింతలే కదండీ, మీరేమన్నా కావాలని చేశారా" అన్నారు. నాకు కాఫీ తెప్పించారు. బాధ్యత మళ్ళీ ఆమెకి ఇవ్వమంటే, "వచ్చే ఏడాది చూద్దాం లెండి" అన్నారు. ఆ కాఫీ కాదనే తెగువ కూడా నాకు లేకపోయింది, తాగాను.

బయటికొచ్చేసరికి ఆమె గ్రౌండ్‌లో సున్నంతో కబడ్డీ గీతలు వేస్తోంది. వంగి ఉండే అడిగింది.

"ఏమన్నారండి?"

"నవ్వారు."

ఆమె తలెత్తలేదు. గీత చివరిదాకా వేసి, చేతుల సున్నం దులుపుకుని, రెండో గీత మొదలుపెట్టింది.